అంచుకు ఎక్కువ, గుంతకు తక్కువ

పిట్టలవానిపాలెం నుంచి రేపల్లె మీదుగా వెళ్లి పెనుమూడి వారధి దాటితే కృష్ణ అవతలి ఒడ్డు. అక్కడినుంచి బందరు ఎంతో దూరం కాదు. ఆ బందరులోని చిలకలపూడికి రెండు రకాల పేరుంది. ఒకటి పాండురంగస్వామి వల్ల వచ్చింది, రెండోది గిల్టు నగల వల్ల వచ్చింది. డెల్టా ఊళ్లలో శ్రావణమాసం పేరంటాలకీ మాఘమాసం పెళ్లిళ్లకీ మెడల్లో మెరిసే హారాల్లో చిలకలపూడి సరుకు తక్కువేమీ ఉండదు. వెనకటి రోల్డ్ గోల్డ్ పద్ధతి వేరు. రాగి మీద పలచటి బంగారు రేకు అతికించి, రోలర్ల మధ్య నలిపి సాగదీసేవారు. ఇప్పుడు వన్ గ్రామ్ గోల్డ్ పేరుతో వచ్చే నగల్లో ఎక్కువభాగం కరెంటు పూత. తొట్టిలో బంగారు లవణం కలిపిన ద్రావణం ఉంటుంది. అందులో నగను వేలాడదీసి రెక్టిఫైయర్ స్విచ్ వేస్తే బంగారం వచ్చి నగకు పడుతుంది.

ఫోన్లో ఉన్న చిప్పు లోపలి తీగలు కూడా ఇలా తొట్టిలో పుట్టినవే. అక్కడ బంగారం బదులు రాగి, నగ బదులు సిలికాన్ పలక, తొట్టి బదులు కోట్ల రూపాయల యంత్రం ఉంటాయి. మధ్యలో రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్ర పొడుగునా పూత పనివాళ్లు కొట్లాడింది ఒక్క మొండి గుణంతోనే. కరెంటుకు అంచులంటే ఇష్టం. మొనదేలిన చోట, పైకి పొడుచుకొచ్చిన చోట లోహం మందంగా పడుతుంది. లోతుల్లో, మూలల్లో పలచగా పడుతుంది.

పాదరసం పొగ నుంచి బయటపడ్డ రోజు

కరెంటు లేని రోజుల్లోనూ బంగారు పూతలున్నాయి. తిరుమల ఆనందనిలయానికి 1518లో శ్రీకృష్ణదేవరాయలు 30,000 వరహాలతో బంగారు తొడుగు వేయించాడు. చిన్న వస్తువులకు ప్రపంచమంతటా వాడింది పాదరసం. బంగారాన్ని పాదరసంలో కరిగించి, ఆ ముద్దను వస్తువుకు పులిమి నిప్పు మీద కాలుస్తారు. పాదరసం ఆవిరైపోతే బంగారం మిగులుతుంది. ఆ ఆవిరి పీల్చిన పనివాళ్ల వేళ్లు వణికేవి, పళ్లు ఊడేవి, ఆయుష్షు తరిగేది.

1800లో ఇటలీలో అలెస్సాండ్రో వోల్టా మొదటి బ్యాటరీ చేశాడు. అయిదేళ్లు తిరక్కుండానే, 1805లో, ఆయన స్నేహితుడు లూయీజీ బ్రుఞ్ఞాటెల్లి ఆ బ్యాటరీతో రెండు వెండి పతకాలకు బంగారు పూత వేశాడు. కరెంటు పూతకు ఇదే మొదలు. ఆ కబురు ఒక పత్రికలో అచ్చయింది కానీ వర్తకులు ఎవరూ పట్టించుకోలేదు. తరవాత 1830లలో మైకేల్ ఫారడే లెక్క తేల్చాడు. పోయిన కరెంటు ఎంతో, పడే లోహం అంత. ఒక ఆంపియరు కరెంటు గంటసేపు పంపితే సయనైడు ద్రావణంలోంచి 7 గ్రాముల పైచిలుకు బంగారం దిగుతుంది. రాగి అయితే సల్ఫేటు ద్రావణంలోంచి 1.2 గ్రాములు కూడా నిండదు. అంటే ఏమాత్రం వృథా కాకపోతే, ఒక గ్రాము బంగారం దిగడానికి ఒక ఆంపియరు కరెంటు ఎనిమిది నిమిషాల చిల్లర చాలు.

దీన్ని వ్యాపారం చేసింది బర్మింగ్‌హామ్ నగరం. అక్కడ జాన్ రైట్ అనే శస్త్రవైద్యుడు బంగారం, వెండి సయనైడు ద్రావణంలో చక్కగా కరుగుతాయనీ, అందులోంచి పడే పూత గట్టిగా అంటుకుంటుందనీ కనిపెట్టాడు. ఎల్కింగ్టన్ కుటుంబం వాళ్లు ఆ కిటుకు కొనుక్కుని 1840లో పేటెంటు తీసుకున్నారు. బ్యాటరీలతో పెద్ద కార్ఖానా నడపడం ఖర్చుతో కూడిన పని. అందుకని ఆ ఊరి రసాయన శాస్త్రజ్ఞుడు వుల్‌రిచ్ 1844లో అయస్కాంతాలతో పనిచేసే జనరేటరు తయారుచేయించాడు. ఊళ్లలో కరెంటు దీపాలు వెలగడానికి దశాబ్దాల ముందే పూత తొట్టి కోసం జనరేటరు తిరిగింది.

అంచును కాసిన ఉపాయాలు

తొట్టి వచ్చింది, కరెంటు వచ్చింది, అంచుల బాధ కూడా వచ్చింది. టీ కెటిల్ కొమ్ము మీద వెండి దిట్టంగా పడేది, పిడి కింద సందులో రంగు తేలిపోయేది. దాన్ని సర్దడానికి పుట్టిన ఉపాయాలే ఈనాటి యంత్రాల తాతలు. వస్తువుకు ఎదురుగా ఉండే ధనధ్రువాన్ని, అంటే ఆనోడ్‌ను, వస్తువు వంపుల్ని బట్టి మలిచారు. మొనల ముందు కరెంటును ఆపే పలకలు అడ్డుపెట్టారు. కొన్నిచోట్ల మొన పక్కనే అక్కరలేని తీగ ఒకటి కట్టి, ఎక్కువ కరెంటును అది మింగేలా చేశారు. దానికి పనివాళ్లు పెట్టిన పేరు దొంగ. ద్రావణాన్ని కలియబెట్టారు, వస్తువుల్ని ఊపారు, చిన్న సరుకును పీపాలో పోసి తిప్పారు.

మనదేశంలో ఈ విద్యకు పెద్దదిక్కు కారైకుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధనా సంస్థ. అళగప్ప చెట్టియార్ భూమీ డబ్బూ ఇస్తే 1948లో నెహ్రూ పునాదిరాయి వేశారు. 1953లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. ఈలోగా ఎలక్ట్రానిక్స్ వచ్చి పూతకు కొత్త గిరాకీ తెచ్చింది. సర్క్యూట్ బోర్డుకు రంధ్రాలు పొడిచి, ఆ రంధ్రాల గోడలకు రాగి పట్టిస్తే పై పొర తీగ కింది పొర తీగతో కలుస్తుంది. భీమవరం దగ్గరి మోగల్లులో పుట్టిన ఎ.ఎస్.రావు 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్‌కు తొలి సారథి అయ్యారు. అక్కడ తయారైన టీవీలూ కంప్యూటర్లూ ఇలాంటి బోర్డుల తరానివే. నగకు అందం కోసం వేసే పూత బోర్డులో కరెంటు నడిచే బాట అయింది. పైకి కనపడే చోట కంటే గుంత అడుగున పడ్డ లోహమే ముఖ్యమైంది.

పలక మీదికి తొట్టి

పలక మీద కరెంటు పూతను నమ్మకంగా వేయడం ఐబీఎంలో కుదిరింది. అయితే అది చిప్పు కోసం కాదు, హార్డ్ డిస్కు చదివే తలకాయల కోసం. ఉక్రెయిన్‌లో పుట్టిన లుబోమిర్ రొమాంకివ్ బృందం నికెల్, ఇనుము నాలుగుకు ఒకటి పాళ్లలో కలిసి పడేలా పూత వేసింది. ఆ పాళ్లు పలక అంతటా ఒకేలా ఉండాలి. ద్రావణం ఒకచోట జోరుగా, ఒకచోట మందంగా కదిలితే ఇనుము పాలు మారిపోతుంది. అందుకని పలకకు ఆనుకున్నట్టుగా ఒక తెడ్డు అటూ ఇటూ సాగే తొట్టిని తయారుచేశారు. ఆ తలకాయలతో ఐబీఎం 3370 డ్రైవు 1979లో బజారుకొచ్చింది.

అప్పట్లో చిప్పు లోపలి తీగలు ఎక్కువగా అల్యూమినియమే. లోహపు ఆవిరిని శూన్యంలో పలక మీద పరిచి, అక్కరలేని చోట చెక్కేసేవారు. ట్రాన్సిస్టర్లు చిన్నవయ్యేకొద్దీ తీగలు సన్నబడ్డాయి. సన్నబడ్డ అల్యూమినియం తీగలో సంకేతం నింపాదిగా నడవసాగింది. రాగి నిరోధం అల్యూమినియం కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. కానీ రాగితో రెండు చిక్కులు. అది సిలికాన్‌లోకి ఇంకితే ట్రాన్సిస్టరు చెడుతుంది. పైగా అల్యూమినియంలా దాన్ని వాయువులతో చెక్కడం కుదరదు.

చెక్కలేని లోహానికి ముందే దారి తవ్వాలి. గాజు పొరలో సన్నటి కాలువలు తీసి, టాంటలం వంటి లోహంతో గోడలకు కంచె వేసి, పైన పలచటి రాగి తొలిపొర పరిచి, కరెంటు పూతతో కాలువ నింపి, పైన మిగిలిన రాగిని అరగదీస్తారు. బీదరు పనివాడు లోహపు కూజా మీద గాళ్లు చెక్కి వెండి తీగ కూర్చి ఆకురాయితో చదును చేస్తాడే, అచ్చం అదే వరస. 1997 సెప్టెంబరులో ఐబీఎం ఈ పద్ధతిని ప్రకటించింది. మరుసటి ఏడాది రాగి తీగల పవర్‌పీసీ చిప్పులు బయటికొచ్చాయి. దుమ్ము కణం పడనివ్వని గదుల్లోకి రంగు నీళ్ల తొట్టి వచ్చింది. పూతశాల అంటే మురికి పని అని చిన్నచూపు చూసే పరిశ్రమే దాన్ని ఇంట్లోకి పిలిచింది.

యంత్రం లోపల

ఆ తరవాతి పోటీ యంత్రాలు చేసేవాళ్లది. నోవెల్లస్ కంపెనీ సేబర్ పేరుతో యంత్రం తెచ్చింది. 2012లో ఆ కంపెనీని లామ్ రిసర్చ్ కలుపుకుంది. మొంటానా రాష్ట్రపు సెమీటూల్‌ను 2009లో అప్లయిడ్ మెటీరియల్స్ కొన్నది. జపాన్‌లో ఎబారా ఉంది. నమూనాలు వేరైనా వీటిలో చాలావాటి పోలిక ఒకటే. కింద గుండ్రటి పాత్ర, అడుగున రాగి ఆనోడ్, పైనుంచి ముఖం కిందికి పెట్టి దిగే పలక.

పలకను పట్టుకునే చెయ్యే ఈ యంత్రానికి గుండెకాయ. చుట్టూ అంచున సూదుల్లాంటి కాంటాక్టులు ఆనుకుని కరెంటు ఇస్తాయి. వాటికి ద్రావణం తగిలితే రాగి వాటి మీదే పెరిగిపోతుంది. అందుకని రబ్బరు వంటి పెదవి ఒకటి వాటిని పొడిగా కాస్తుంది. ఆ పెదవి మీద చిన్న గీత పడినా పలక పాడవుతుంది. పలకను బల్లపరుపుగా ముంచితే కింద గాలిబుడగలు చిక్కి, చిక్కినచోట పూత పడదు. కాబట్టి ఏటవాలుగా, తిప్పుతూ ముంచుతారు. ఆమ్లంలో తొలిపొర కరిగిపోయేలోగా కరెంటు అందించాలి. ఆనోడ్‌కూ పలకకూ మధ్య పొర కట్టి, అక్కడి నలుసులు ఇటు రాకుండా, ఇక్కడి మందులు అక్కడ చెడకుండా చూస్తారు.

ఇక అంచుల సంగతి. కరెంటు అందేది పలక చుట్టుకొలత నుంచి. తొలిపొర మరీ పలచన కాబట్టి నిరోధం ఎక్కువ. నడిమికి చేరేలోపు కరెంటు నీరసించి అంచున రాగి మందంగా, నడుమ పలచగా పడుతుంది. పలకలు 200 మిల్లీమీటర్ల నుంచి 300కు పెరిగాక, తొలిపొర ఇంకా పలచబడ్డాక ఈ తేడా భరించరానిదైంది. దానికి విరుగుడుగా పలక ముందు వేల సన్నటి చిల్లులున్న బిళ్ల పెట్టారు. ద్రావణం దారిలోనే పెద్ద నిరోధం నిలబెడితే తొలిపొర నిరోధం దాని ముందు లెక్కలోకి రాదు, కరెంటు అంచుకీ నడిమికీ ఒకేలా పంపకమవుతుంది. కెటిల్ కొమ్ము ముందు అడ్డుపెట్టిన పలకకు ఇది మునిమనవడు.

300 మిల్లీమీటర్ల పలక మీద ఒక మైక్రాన్ మందాన పడే రాగి బరువు గ్రాములో మూడింట రెండు వంతులు కూడా ఉండదు. చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీఆంపియర్లు ఇస్తే అది పడడానికి నాలుగున్నర నిమిషాలు చాలు. యంత్రమంతా ఈ చిటికెడు రాగిని సమంగా పంచడానికే.

గుంతే గెలిచిన చోటు

పలక అంతటా సమంగా పంచాక కూడా కాలువ దగ్గర పాత గుణం మళ్లీ తలెత్తుతుంది. మైక్రాన్‌లో అయిదో వంతు వెడల్పున్న కాలువకు కూడా అంచులుంటాయి. ఆ అంచుల మీద రాగి గబగబా పెరిగి మూతి మూసుకుంటే లోపల బొరియ మిగులుతుంది. అంత చిన్నచోట అడ్డుపలకలు పెట్టడం కుదరదు. ఆ పని రసాయనాలు చేశాయి.

ద్రావణంలో కొద్దిపాటి క్లోరైడుతో కలిసి పెద్ద అణువులు ఉపరితలానికి దుప్పటిలా పరుచుకుని పూతను నిదానింపజేస్తాయి. గంధకం ఉన్న చిన్న అణువులు కాలువ లోపల చేరి ఆ దుప్పటిని తోసేసి పూతను ఉరికిస్తాయి. కాలువ నిండేకొద్దీ అడుగు వైశాల్యం తగ్గుతుంది, అక్కడున్న చిన్న అణువులు మరింత ఒత్తుగా చేరతాయి, అడుగు మరింత వేగంగా పైకి లేస్తుంది. నిండాక ఉబ్బకుండా మూడో మందు చదును చేస్తుంది. గుంతకు ఎక్కువ, అంచుకు తక్కువ. రెండు వందల ఏళ్ల నియమం ఇక్కడ తిరగబడింది. అయితే ఈ మందులు పూత పడుతున్నంతసేపూ ఖర్చవుతాయి, చెడిపోతాయి. అందుకే యంత్రానికి రుచి చూసే నాలుక లాంటి పరికరం కూడా ఉంటుంది. అది ఎప్పటికప్పుడు పాళ్లు కొలిచి మందు కలుపుతుంది.

మన వైపు వస్తున్న తొట్టి

ఈమధ్య పూత పని చిప్పు లోపలి నుంచి దాని చుట్టూ ఉన్న ప్యాకేజీకి విస్తరించింది. చిప్పు మీద నిలబెట్టే రాగి స్తంభాలు, పలకను నిలువునా తొలిచి నింపే రాగి బావులు, చిప్పుల కింద పరిచే తీగల పొరలు అన్నీ ఈ తొట్టి సరుకే. ప్యాకేజింగ్ విద్యలో ప్రపంచమంతా గౌరవించే పేరు మన తెలుగువాడు రావు తుమ్మల. ఐబీఎం ఫెలోగా పనిచేసి, తరవాత జార్జియా టెక్‌లో ప్యాకేజింగ్ పరిశోధనా కేంద్రం నెలకొల్పారు. 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆంధ్రప్రదేశ్‌కు ఒక ప్యాకేజింగ్ కర్మాగారం మంజూరు చేసింది. కొరియా సంస్థ అపాక్ట్ సాంకేతికతతో, ఏటా 9 కోట్ల 60 లక్షల చిప్పులను ప్యాక్ చేసే సామర్థ్యంతో ఏఎస్ఐపీ సంస్థ దాన్ని కడుతుంది.

ఇలాంటి కర్మాగారాలకు రెండు బాధ్యతలు తప్పవు. ఒకటి నీళ్లు. పూత పని ఎక్కడ జరిగినా రాగి, నికెల్ కలిసిన కడుగునీళ్లు మిగులుతాయి, బంగారు తొట్టి ఉంటే సయనైడూ తోడవుతుంది. బందరు దగ్గరి పోతేపల్లి నగల పార్కుకైనా చిప్పుల కర్మాగారానికైనా ఆ నీటిని శుద్ధిచేయకుండా వదలకూడదన్న నియమం ఒకటే. కాలువ నీళ్ల మీద బతికే డెల్టాకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు.

రెండోది మనుషులు. ఫారడే సూత్రాలు ఇంటర్ రెండో ఏడాది పుస్తకంలో ఉన్నాయి. పిల్లలు లెక్క చేసి మార్కులు తెచ్చుకుని మరిచిపోతారు. ఈ యంత్రం చరిత్ర చూస్తే దాన్ని కట్టినవాళ్లలో వైద్యుడున్నాడు, గిల్టు వర్తకుడున్నాడు, జనరేటరు చేయించిన రసాయన శాస్త్రజ్ఞుడున్నాడు, లోహాలు తెలిసినవాడున్నాడు. పెదవి లాంటి సీలు మెకానికల్ వాళ్ల పని, కరెంటు పంపకం ఎలక్ట్రికల్ వాళ్లది, ద్రావణం నడక కెమికల్ ఇంజినీర్లది, మందుల పాళ్లు కెమిస్ట్రీ వాళ్లవి. ఏ ఒక్క డిపార్టుమెంటుకూ ఇది పూర్తిగా చెందదు. బర్మింగ్‌హామ్‌లోనూ ఐబీఎంలోనూ ఇలాంటివాళ్లు ఒక తొట్టి చుట్టూ చేరారు కాబట్టే ఆ యంత్రం అక్కడ పుట్టింది. మన దగ్గర కర్మాగారం కట్టడానికి డబ్బు, స్థలం ఇస్తే సరిపోతుంది. యంత్రం మన దగ్గరే పుట్టాలంటే మాత్రం బాపట్లలోనో తెనాలిలోనో ఈ నాలుగు శాఖల పిల్లలు ఒకే ల్యాబులో, ఒకే తొట్టి మీద పని నేర్చుకోవాలి.