హెడ్డు దించిన ప్రతిసారీ: మన పలనాటి ఇంజన్ల కథ

మిరపకు తడి పెట్టే రోజుల్లో ఇంజను హెడ్డు గ్యాస్కెట్ పోతే ఏమవుద్దో మీకు చెప్పక్కర్లేదు. కొత్త గ్యాస్కెట్ తెస్తాం, వేయిస్తాం. కొన్నాళ్లకే మళ్లీ పోద్ది. సరుకు నకిలీదని షాపాయన్ని తిడతాం. కానీ చాలాసార్లు తప్పు గ్యాస్కెట్‌లో ఉండదు, అది కూర్చున్న బ్లాకు ముఖంలో ఉంటది. ఆ ముఖాన్ని గీకే అలవాటు మనకి ఎక్కడ నుంచి వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

శ్రీనాథుడు పలనాడొచ్చి జొన్నకూడు తినలేక వాపోయాడని చెప్పుకుంటాం గదా. అంత మెట్ట నేల మనది. బావి ఉన్నోడికి మోటే దిక్కు, రెండెడ్లు లాగితే నాలుగు మడులు తడిసేవి. నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ గారు కాలవలకు నీళ్లు వదిలారు. కుడి కాలవ మన వైపు వచ్చింది. కాలవ కంటే మెరకన ఉన్న చేలకు మాత్రం నీళ్లు వాటంతట అవి ఎక్కవు కదా, ఎత్తిపోయాల్సిందే. కరెంటు లేని చోట ఆ పని చేసింది ఆయిల్ ఇంజనే.

ఆ ఇంజన్లకు మూలం ఇంగ్లండు. అక్కడి లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో ఒంటి సిలిండరు ఇంజను తెచ్చింది. నిమిషానికి 600, 650 చుట్లు తిరిగే మొండి ఇంజను అది. దాని నమూనాలోనే మన దేశంలో రాజ్‌కోట్ కార్ఖానాలు ఇంజన్లు పోతపోశాయి. పుణెలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ 1946లో మొదలైంది. పోత ఇనుము బ్లాకు, పోత ఇనుము హెడ్డు, మధ్యలో మందపాటి రాగి–ఆస్బెస్టాస్ గ్యాస్కెట్. బ్లాకు ముఖం కొంచెం గరుగ్గా ఉన్నా ఆ మెత్తని గ్యాస్కెట్ సర్దుకునేది. అందుకే హెక్సా బ్లేడు ముక్కతో గీకి, ఎమరీ పేపరుతో రుద్ది, కిరసనాయిలు గుడ్డతో తుడిచి బిగించినా నడిచిపోయేది. మన మెకానిక్‌ల చేతికి ఆ అలవాటు అలా వచ్చింది. తప్పు వాళ్లది కాదు, ఆనాటి ఇంజనుకు అది సరిపోయింది.

హెడ్డు అన్నిసార్లు దించాల్సి రావటానికి మన నేల కూడా ఒక కారణం. మనది నాపరాయి, సున్నపురాయి నేల. పిడుగురాళ్ల సున్నం బట్టీలకు రాయి ఈ నేలదే. బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటదే, అదే ఇంజను నీటి దారుల్లోనూ పేరుకుంటది. సున్నం పొర వేడిని బయటికి పోనివ్వదు. హెడ్డు కాగి వంపు తిరుగుద్ది, గ్యాస్కెట్ కాలుద్ది. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసే ట్రాక్టరుకి కూడా ఇదే గతి.

ఆ తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి. మూడు, నాలుగు సిలిండర్లు, 2000 దాటిన చుట్లు. నీటి దారి, ఆయిల్ దారి రెండూ అదే గ్యాస్కెట్ గుండా పోతాయి. ఇప్పుడు కొన్నిటికి పొరలు పొరలుగా ఉండే ఉక్కు గ్యాస్కెట్లు. వాటికి అద్దంలాంటి సమతలం కావాలి, గీత పడితే ఊరుకోవు. ఇంజను మారింది, మన హెక్సా బ్లేడు మాత్రం మారలేదు.

ఇంకో సంగతి. 2000 ప్రాంతం నుంచి అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ తన మెకానిక్‌లకు ఒక హెచ్చరిక ఇస్తా వచ్చింది. రాపిడి డిస్కులతో గ్యాస్కెట్ ముఖాలు రుద్దొద్దు, వాటి నుంచి రాలే అల్యూమినియం ఆక్సైడ్ పొడి ఆయిల్‌లో కలిసి బేరింగులు తినేస్తది అని. మన ఎమరీలో కోసే గుణం ఉన్నది కూడా ఆ పదార్థమే. హెడ్డు చేయించిన కొద్ది రోజులకే బేరింగులు పోయాయంటే ఈ పొడిని కూడా అనుమానించాలి.

కాబట్టి పని ఇలా చేయించండి. ముందు సిలిండర్లలో, నీటి, ఆయిల్ రంధ్రాల్లో శుభ్రమైన గుడ్డలు కుక్కాలి. పాత గ్యాస్కెట్ ముక్కలు కిరసనాయిలుతోనో థిన్నరుతోనో నానబెట్టి, మొన లేని వెడల్పాటి బద్దతో పడుకోబెట్టి గీకాలి. అల్యూమినియం హెడ్డైతే ఇనుము తగలనీయొద్దు, ప్లాస్టిక్ బద్ద వాడాలి. గ్రైండరు, వైరు బ్రష్షు చక్రం వద్దు. బోల్టు రంధ్రాల్లో నీళ్లు, ఆయిల్ ఉంటే తీసేయాలి. అవి అడుగున ఉండగా బోల్టు బిగిస్తే పట్టు తప్పుడుగా చూపిస్తది, బ్లాకు పగిలినా పగలొచ్చు. తర్వాత స్ట్రెయిట్ ఎడ్జి పెట్టి కింద ఫీలరు గేజి దూరుద్దేమో చూడాలి. కంపెనీ పుస్తకంలో ఇచ్చిన కొలత దాటితే లేత్ షాపుకే. చివర్లో తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే రావాలి. అప్పుడే గ్యాస్కెట్ పెట్టాలి. టార్క్ రెంచితో, పుస్తకంలో చెప్పిన వరసలో బిగించాలి. ఆయిలూ ఫిల్టరూ కూడా మార్చేయండి.

అన్నిటికన్నా పెద్ద మాట చివరికి మిగిల్చాను. పాత గ్యాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండేది. దాన్ని పొడిగా గీకి నోటితో ఊదేవాళ్లు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత జబ్బుగా బయటపడుద్ది. అందుకే 1995లో మన సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ పరిశ్రమల్లో కార్మికుల ఆరోగ్య రికార్డులు కనీసం 40 ఏళ్లు ఉంచాలని చెప్పింది. షెడ్డులో బల్ల మీద పనిచేసే మన కుర్రాడికి ఏ రికార్డూ లేదు. పాత ఇంజను విప్పితే గ్యాస్కెట్‌ని తడిపి గీకమనండి, ఊదొద్దనండి. మన పంట నిలబెట్టేది ఆ చేతులే. ఓ అరగంట ఆలస్యమైతే మిరప ఎండిపోదు.