ఉమ్మడి సొమ్ము – అపహరణ – సూచకుడు: కౌటిల్యుని నుంచి ఆర్థిక ప్రయోగశాల దాకా

వ్యాససంగ్రహం:
పదిమంది కలిసి కూడబెట్టిన సొమ్ముకు రెండు ప్రమాదాలున్నాయి. ఇవ్వవలసినవారు ఇవ్వకపోవడం మొదటిది. కాపలా ఉన్నవారే కాజేయడం రెండవది. ఈ రెండింటి మధ్య నిలిచే మూడవ వ్యక్తి, తెలిసిన తప్పును బయటపెట్టే సూచకుడు. కౌటిల్యుని అర్థశాస్త్రం, 1863 నాటి అమెరికా చట్టం, ఇరవయ్యో శతాబ్ది చివర వచ్చిన ఆర్థిక ప్రయోగాలు, ఆంధ్రప్రదేశ్ ఉపాధి హామీ సామాజిక తనిఖీ ఈ సూచకుణ్ణి ఎలా చూశాయో చారిత్రకక్రమంలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. తప్పును వెల్లడించడం కూడా ఉమ్మడి నిధికి ఒకరు చెల్లించే చందా వంటిదేనని, ఆ చందా భారం ఒక్కరిమీదే పడినంతకాలం అపహరణ ఆగదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఉమ్మడి నిధి, అపహరణ, సూచకుడు, ప్రజావేగు, ఆర్థిక ప్రయోగాలు, సామాజిక తనిఖీ.

1. ఉపోద్ఘాతం:
తెలుగునాట ఒక కథ వాడుకలో ఉంది. కొందరు దాన్ని తెనాలి రామలింగని పేరున చెబుతారు, కొందరు బీర్బల్ పేరున చెబుతారు. రాత్రివేళ ఊరివారందరూ తలా ఒక చెంబెడు పాలు తెచ్చి గంగాళంలో పోయాలని రాజు ఆజ్ఞాపిస్తాడు. అందరూ పాలు పోస్తుంటే నా ఒక్క చెంబెడు నీళ్లు ఎవరికి తెలుస్తాయని ప్రతివాడూ అనుకుంటాడు. తెల్లవారి చూస్తే గంగాళం నిండా నీళ్లే. సార్వజనిక వస్తువుల గురించి ఆర్థికశాస్త్రం చెప్పే మూలసమస్య ఈ కథలో పూర్తిగా ఉంది.

అయితే ఈ కథలోని గంగాళానికి కాపరి లేడు. నిజజీవితంలో దేవాలయ నిధికి, సహకార సంఘానికి, చీటీకి, పంచాయతీ ఖాతాకు ఎవరో ఒకరు కాపరిగా ఉంటారు. ఆ కాపరే పాలు తాగేస్తే ఏమిటన్నది వేరే ప్రశ్న. ‘కంచే చేను మేసినట్లు’ అన్న సామెత పుట్టింది ఆ ప్రశ్ననుంచే. కంచె మేయడాన్ని చూసినవాడు ఏం చేయాలి, చెబితే అతనికి ఏమవుతుంది అన్నవి దాని వెన్నంటి వచ్చే ప్రశ్నలు.

2. వాటా ఇచ్చి చెప్పించిన రాజ్యం:
ఆర్. శామశాస్త్రి మైసూరులో వెలుగులోకి తెచ్చి 1909లో ప్రచురించిన కౌటిల్యుని అర్థశాస్త్రం ఈ సమస్యను నేరుగా ఎదుర్కొంది. రెండవ అధికరణమైన అధ్యక్షప్రచారంలో రాజధనాన్ని అధికారులు అపహరించే నలభై విధాలను కౌటిల్యుడు లెక్కించాడు. వసూలైనదాన్ని రాయకపోవడం, ముందు వచ్చినదాన్ని తరువాత వచ్చినట్లు రాయడం, ఒకరు చెల్లించినదాన్ని మరొకరి పేరున చూపడం, తూకాల్లో కొలతల్లో తేడాలు చేయడం వంటివి ఆ పట్టికలో ఉన్నాయి. నీటిలో చేప ఎప్పుడు నీరు తాగుతుందో కనిపెట్టలేనట్లే ఉద్యోగి ఎప్పుడు ధనం తీసుకుంటాడో కనిపెట్టలేమన్న ఆయన పోలిక ప్రసిద్ధం.

బయటినుంచి చూసేవారికి చేప తాగే నీరు తెలియదు కనుక లోపలివాడు చెప్పాలి. అందుకే కౌటిల్యుడు సూచకునికి ప్రతిఫలం నిర్ణయించాడు. అభియోగం రుజువైతే సూచకునికి ఆ సొమ్ములో ఆరవవంతు దక్కుతుంది. అతడు భృతకుడైతే, అంటే జీతగాడైతే, పన్నెండవవంతు. పెద్ద మొత్తం గురించి చెప్పి కొంతే రుజువైతే, రుజువైనంతవరకే వాటా. రుజువు కాకపోతే శారీరకదండన లేదా ధనదండన తప్పదు. నిందితునితో కుమ్మక్కై మాట మార్చిన సూచకునికి మరణదండన విధించాడు. చెప్పినవానికి లాభమూ ప్రమాదమూ రెండూ పెద్దవే. వాటి మధ్య రాజ్యం మాత్రం నష్టపోకుండా చూసుకుంది.

అమెరికా అంతర్యుద్ధకాలంలో ఇదే ఆలోచన మరోరూపంలో కనిపిస్తుంది. సైన్యానికి సరుకులమ్మే గుత్తేదార్లు చేస్తున్న మోసాలను అరికట్టడానికి 1863లో తప్పుడు బిల్లుల నిరోధక చట్టం వచ్చింది. ప్రభుత్వం తరఫున ఏ పౌరుడైనా దావా వేయవచ్చు. గెలిస్తే రాబట్టిన మొత్తంలో సగం అతనికి దక్కుతుంది. 1943లో ఈ వాటాను బాగా తగ్గించడంతో చట్టం దాదాపు నిద్రాణమైంది. 1986 సవరణ వాటాను సాధారణంగా 15 నుంచి 30 శాతం మధ్య నిర్ణయించాక మళ్లీ చురుకందుకుంది. కాలం, దేశం వేరైనా రెండుచోట్లా ఊహ ఒకటే. చెప్పడానికి ఖర్చవుతుంది, ఆ ఖర్చును ఎవరో ఒకరు భరించాలి.

3. ప్రయోగశాలలో గంగాళం:
పాలగంగాళం కథను అంకెలతో పరీక్షించే పని ఇరవయ్యో శతాబ్ది చివరి భాగంలో ఆరంభమైంది. 1972లో పీటర్ బోమ్ స్టాక్‌హోమ్‌లో ఒక టెలివిజన్ కార్యక్రమం చూడడానికి ఎంత చెల్లిస్తారని జనాన్ని అడిగాడు. చెల్లింపు నియమాలు మార్చినా, సిద్ధాంతం భయపడినంతగా ప్రజలు తమ ఇష్టాన్ని దాచలేదు. తరువాత విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జెరాల్డ్ మార్వెల్, రూత్ ఏమ్స్ చేసిన వరుస ప్రయోగాల్లో సామాన్యులు తమకిచ్చిన దానిలో సుమారు సగం ఉమ్మడి నిధిలో వేశారు. ఆర్థికశాస్త్ర విద్యార్థులు మాత్రం 20 శాతం దగ్గర ఆగారని 1981 నాటి వారి వ్యాసం తెలిపింది.

ఎర్న్‌స్ట్ ఫేర్, సైమన్ గెఖ్టర్ 2000లో ప్రచురించిన ప్రయోగం ఈ రంగంలో మైలురాయి. నలుగురు సభ్యులు, ఒక్కొక్కరికి 20 బిళ్లలు. ఉమ్మడి నిధిలో వేసిన ప్రతి బిళ్లకూ నలుగురికీ తలా 0.4 చొప్పున వస్తుంది. అందరూ మొత్తం వేస్తే తలా 32 అందుతాయి. ఒకడు మాత్రం వేయకుండా దాచుకుంటే అతనికి 44, మిగతా ముగ్గురికి తలా 24. ఈ ఆట పలు విడతలు సాగితే, వేసినవారు వేయనివారిని చూసి క్రమంగా చేతులు ముడుచుకుంటారు. ఇతరులను దండించే అవకాశం ఇచ్చినప్పుడు పరిస్థితి మారింది. దండించడానికి దండించేవాడు తన చేతి సొమ్మే ఖర్చు పెట్టుకోవాలి. అయినా చాలామంది ఆ పని చేశారు, నిధికి చందాలు పెరిగాయి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. దండన వల్ల మేలు అందరికీ, ఖర్చు ఒకరికి. అందువల్ల దండించడమనేది కూడా ఒక ఉమ్మడి వస్తువే. ‘పిల్లి మెడలో గంట కట్టేదెవరు’ అన్న ప్రశ్నకు ఇది శాస్త్రీయరూపం. 2008లో హెర్మన్, థోని, గెఖ్టర్ పదహారు నగరాల్లో ఇదే ఆటను నడిపించినప్పుడు మరో చేదు నిజం బయటపడింది. కొన్నిచోట్ల ఎక్కువ చందా వేసినవారినే ఇతరులు దండించారు. మంచి చేసినవాడు శిక్షకు గురికావడం ప్రయోగశాలలోనూ జరుగుతుందన్నమాట.

4. కాపరి ప్రవేశం:
తరువాతి ప్రయోగాలు గంగాళానికి కాపరిని పెట్టాయి. అబిగైల్ బార్, మాగ్నస్ లిండెలో, పీటర్ సెర్నీల్స్ ఇథియోపియా నర్సింగ్ విద్యార్థులతో చేసిన ప్రయోగం 2009లో వెలువడింది. అందులో ఒకరు సేవకుడి పాత్రలో ఉండి, సమూహానికి చేరవలసిన దానిలో కొంత కాజేయగలరు. మరొకరు పర్యవేక్షకులు. జీతం పెరిగితే అపహరణ తగ్గింది కాని ఆ తగ్గుదల స్వల్పమే. పట్టుబడే అవకాశం పెరిగినప్పుడు అపహరణ తగ్గింది. చీటీ తీసి నియమించిన పర్యవేక్షకుని కన్నా సమూహం ఎన్నుకున్న పర్యవేక్షకుని ఎదుట సేవకులు తక్కువ కాజేశారు. మళ్లీ ఎన్నిక ఎదుర్కోవలసిన పర్యవేక్షకులు ఎక్కువ శ్రమించారు. చూసి చెప్పే పనికి సమూహం అధికారమూ ప్రతిఫలమూ ఇస్తే ఆ పని సాగుతుందని దీని సారాంశం.

చెప్పేవాని లెక్కను ఊహాత్మకంగా వేసి చూద్దాం. నలుగురు తలా 20 వేయగా నిధి 128 అయింది. కాపరి 32 దాచాడు. అతని గుట్టు బయటపెడితే ఆ 32 తిరిగివచ్చి తలా 8 అందుతాయి. బయటపెట్టినవానికి 10 ఖర్చయితే, సమూహానికి నికరలాభం 22 ఉన్నా అతనికి మాత్రం 2 నష్టం. మౌనంగా ఉన్న ముగ్గురికీ తలా 8 లాభం. అందుకే ప్రతివాడూ పక్కవాడు చెప్పాలని ఎదురుచూస్తాడు. ఇప్పుడు కౌటిల్యుని ఆరవవంతు వర్తింపజేసి మిగిలినది నలుగురికీ పంచితే, చెప్పినవానికి 12 వస్తాయి, ఖర్చు పోగా 2 మిగులుతాయి. పన్నెండవవంతైతే సరిగ్గా 10 వచ్చి, లాభనష్టాలు సమానమవుతాయి. కౌటిల్యుని నిధి రాజకోశానిది కనుక ఈ పోలిక దృష్టాంతం మాత్రమే. అయినా చిన్నవాటా మనిషి నోరు తెరిపిస్తుందా, మూయిస్తుందా అన్నది అంకెల్లోనే కనబడుతుంది.

5. గ్రామంలో ప్రయోగం:
బెంజమిన్ ఓల్కెన్ ఇండోనేషియాలో 608 గ్రామాల రోడ్డు పనులపై చేసిన అధ్యయనం 2007లో అచ్చయింది. ఇంజనీర్లు రోడ్లను తవ్వి చూసి, అసలు ఖర్చును అంచనా వేసి, లెక్కల్లో చూపిన ఖర్చుతో పోల్చారు. ప్రభుత్వ ఆడిట్ తప్పదని ముందే ప్రకటించిన గ్రామాల్లో మాయమైన ఖర్చు సుమారు 8 శాతాంశాలు తగ్గింది. జవాబుదారీ సభలకు ఊరివారిని ఆహ్వానించి, పేరు రాయనక్కరలేని అభిప్రాయపత్రాలు పంచిన చోట సగటున పెద్ద మార్పు రాలేదు. కూలిసొమ్ము మీద మాత్రం కొంత ఫలితం కనిపించింది. కూలి ఎగవేస్తే ఎవరి కూలి పోయిందో వారికి తెలుసు, వారు అడుగుతారు. ఇసుక, కంకర తగ్గితే అది అందరి నష్టం, కనుక ఎవరూ అడగరు.

ఇదే తేడా మన ప్రాంతంలోనూ కనిపించడం గమనార్హం. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. చట్టంలోని 17వ సెక్షన్ గ్రామసభ ద్వారా సామాజిక తనిఖీ జరపాలని నిర్దేశించింది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994లో పాలీ జిల్లా కోట్ కిరానాలో మొదలుపెట్టిన జన్ సున్‌వాయీ దీనికి స్ఫూర్తి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీన్ని వ్యవస్థగా మలిచి, 2009లో ఇందుకు ప్రత్యేక సంస్థను ఏర్పరచింది. శిక్షణ పొందిన గ్రామీణ యువతీయువకులు ఇంటింటికీ వెళ్లి మస్టర్లలోని వివరాలను కూలీలతో సరిచూస్తారు. తరువాత మండలస్థాయి ప్రజావేదికలో అందరి ఎదుట వాటిని చదువుతారు.

ఫర్జానా అఫ్రిది, వేగార్డ్ ఇవెర్సన్ 2006–10 మధ్య కాలపు తనిఖీ నివేదికలను పరిశీలించారు. కూలికి సంబంధించిన ఒక్కో అక్రమంలో పోయే మొత్తం కొద్దిగా తగ్గింది. సామగ్రికి సంబంధించిన అక్రమాల సంఖ్య పెరిగింది. అక్రమాలను గుర్తించడంలో తనిఖీ తోడ్పడినా, వాటిని ముందే నిరోధించలేకపోయింది. తప్పుచేసినవారిపై గడువులోగా చర్య తీసుకునే బాధ్యత ఎవరిదో స్పష్టం కావాలని వారు సూచించారు. జావాలోనైనా రాయలసీమలోనైనా కాపరి చేయి ఎవరూ అడగని సొమ్ము వైపే జరుగుతుందని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

6. చెప్పేవానికి భాష పెట్టిన పేర్లు:
చెప్పేవాని ఖర్చు డబ్బు ఒక్కటే కాదు, పేరు కూడా. సంస్కృతంలో ‘సూచకుడు’ అన్న మాటకే చాడీలు చెప్పేవాడన్న అర్థం ఉంది. తెలుగులో కొండెగాడు, చాడీకోరు అన్నవి తిట్లు. ‘పితూరీ’ అన్న మాట మరీ విలక్షణమైనది. 1879 నాటి రంపా పితూరీలో దానికి తిరుగుబాటని అర్థం. ‘పితూరీలు చెప్పడం’ అన్నప్పుడు అదే మాట చాటుగా చేసే ఫిర్యాదవుతుంది. పదిమంది కలిసి ఎదిరించడమూ, ఒక్కడు చాటుగా చెప్పడమూ ఒకే మాటలో ఒదిగాయి, కాని గౌరవం మొదటిదానికే దక్కింది. పత్రికలు ఇటీవల వాడుతున్న ‘ప్రజావేగు’ అన్న మాట ఈ లోటును పూడ్చే ప్రయత్నం. అందులోని ‘వేగు’ రాజుకు బదులు ప్రజల పక్షాన నిలుస్తాడు.

ఒంటరిగా చెప్పినవాని గతికి సత్యేంద్ర దూబే ఉదంతం సాక్ష్యం. జాతీయ రహదారుల పనుల్లోని అక్రమాలపై ప్రధానమంత్రి కార్యాలయానికి లేఖ రాస్తూ తన పేరు గోప్యంగా ఉంచమని ఆ ఇంజనీరు కోరాడు. ఆ పేరు గోప్యంగా ఉండలేదు. 2003 నవంబరు 27న గయలో ఆయన హత్యకు గురయ్యాడు. దేశమంతటా చెలరేగిన ఆగ్రహం తరువాత 2004లో సమాచారదాతల రక్షణకు కేంద్రం ఒక తీర్మానం చేసింది. 2014లో ప్రజావేగుల రక్షణ చట్టం రాష్ట్రపతి ఆమోదం పొందింది. కాని ఆ తరువాత ఏళ్ల తరబడి దాని అమలు తేదీని ప్రకటించనేలేదు.

7. ముగింపు:
ఈ పరిశీలన ద్వారా కింది అంశాలు తేలుతున్నాయి.

1. ఉమ్మడి నిధి సమస్య చందా వేయడంతో ముగియదు. కాపరిని కనిపెట్టడం, కనిపెట్టినది చెప్పడం కూడా చందాలే. వాటిలోనూ ఇతరుల శ్రమ మీద బతకాలన్న ప్రలోభం ఉంటుంది.

2. కౌటిల్యుడు, 1863 చట్టం సూచకునికి వాటా ఇచ్చి ఈ చిక్కును విప్పజూశారు. వాటా తగ్గితే గొంతు తగ్గుతుందని అమెరికా చట్టచరిత్ర చెబుతోంది.

3. పర్యవేక్షకుని ఎన్నుకునే అధికారం సమూహానికి ఉన్నప్పుడు అపహరణ తగ్గుతుందని ప్రయోగాలు చూపాయి.

4. ప్రజావేదిక ఒంటరి సూచకుని భారాన్ని పదిమందికీ పంచింది. మస్టరు అందరి ఎదుట చదివినప్పుడు చెప్పినవాడెవడన్న ప్రశ్న వెనక్కిపోయి, తిన్నదెవరన్న ప్రశ్న ముందుకొస్తుంది. కాని చదివిన తరువాత చర్య లేకపోతే, సామగ్రి లెక్కలు కూడా కూలి లెక్కలంత విప్పిచెప్పకపోతే ఆ వేదిక ఫలితం సగమే.

పాలగంగాళం కథలో నీళ్లు పోసినవారందరూ మరునాటి ఉదయం సమానంగా సిగ్గుపడ్డారు. కాపరి తాగేసిన గంగాళం ముందు అలా జరగదు. అక్కడ నిజం తెలిసినవాడొక్కడే భయపడుతూ నిలబడతాడు. అతని పక్కన మరో పదిమందిని నిలబెట్టగలిగిన ఏర్పాటే ఉమ్మడి సొమ్ముకు అసలైన కంచె.