భాష రాకపోవుటయు బుద్ధి లేకపోవుటయు

ప్రశ్న అర్థముకాక బాలుడు మౌనము వహించుట వేరు. అర్థమైనను ఉత్తరము తోచక మౌనము వహించుట వేరు. ఈ భేదము గుర్తింపని పాఠశాలలు పిల్లల కెట్టి యన్యాయము చేసినవో అమెరికా విద్యాచరిత్ర తెలుపుచున్నది.

ఆల్ఫ్రెడ్ బినే 1905లో పారిసునందు సైమనుతో గూడి బుద్ధిపరీక్షను కల్పించెను. చదువున వెనుకబడిన శిశువులను గుర్తించి సాయపడుటయే అతని యుద్దేశము. సముద్రము దాటినపిదప దాని తీరు మారెను. 1913లో గాడర్డు సహాయకురాండ్రు న్యూయార్కు రేవునందలి ఎల్లిసు దీవిలో, ఓడ దిగిన పరదేశీయులను దుబాసీల మూలమున పరీక్షించి, పెక్కుండ్రను మందబుద్ధులుగా లెక్కించిరి. బడిముఖ మెరుగని పేదలకు అదియొక పరీక్షయా!

ఈ పొరపాటు అరువదేండ్లవరకును బడులలో సాగెను. కాలిఫోర్నియాలో మెక్సికను సంతతివారగు తొమ్మండుగురు పిల్లలు ఇంట స్పానిషు మాటలాడువారు. వారిని ఇంగ్లీషున పరీక్షించి మందబుద్ధుల తరగతిలో గూర్చుండబెట్టిరి. స్పానిషున మరల పరీక్షింపగా వారిలో ఎక్కువమంది ఆ తరగతికి తగినవారు కారని తేలెను. డయానా వ్యాజ్యమని పేరొందిన ఈ తగవు 1970లో రాజీపడెను: ఇకమీదట ఇంటిభాషయందును పరీక్షింపవలెను, అదివరకే అట్టి తరగతులలో నున్నవారిని మరల పరిశీలింపవలెను. 1974లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమందలి సుమారు 1,800 మంది చీనా బాలుర పక్షమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఇంగ్లీషు రానివారికి వట్టి పుస్తకములు, బల్లలు సమానముగా నిచ్చినంతమాత్రమున సమానవిద్య కాదని దాని సారము. 1975 నాటి వికలాంగ బాలుర విద్యాచట్టము, సాధ్యమైనంతవరకు మాతృభాషలోనే పరీక్ష జరుపవలెనని విధించెను.

నేనును ఇంగ్లీషు చెప్పు ఉపాధ్యాయుడనే. నా యెదుట మూగవోయిన బాలుడు చెట్టుక్రింద చెలికాండ్రతో గలగల మాటలాడుట విని సిగ్గుపడిన దినము కలదు.

అయితే రెండవ ప్రమాదమును కలదు. నిందకు వెరచి, "ముందు ఇంగ్లీషు రానిండు, పిదప చూతము" అని ఏండ్లు గడపిన బడులును లేకపోలేదు. డిస్లెక్సియా గల బిడ్డకు ఆ జాగే ముప్పు. భాషాబోధనయు, లోపమునకు తగిన సాయమును ఏకకాలమున జరుగవలెను. ఇంటిభాష మానిపింపుడని తల్లిదండ్రులకు చెప్పుటయు తగదు. రెండుభాషల వలన అట్టి పిల్లలకు హాని కలుగునని ఇటీవలి పరిశోధనలలో తేలలేదు.

మనవారును అనేకులు నేడు అమెరికాలో కాపురమున్నారు. అక్కడి బడిలో తెలుగుబిడ్డ వెనుకబడినచో పరీక్షకుడు మొదట అడుగవలసినది, ఇంట తెలుగున కథ చెప్పునప్పుడును ఈ బిడ్డ ఇట్లే తడబడునా యని. దానికి ఉత్తర మీయగలది తల్లి.