ఛాయాచిత్రముల వేలము

తైలవర్ణచిత్ర మొకటి వేలములో లక్షలు పలికె నన్నచో మన కంత యాశ్చర్యము తోపదు. అది చిత్రకారుని చేతినుండి వెలువడిన యేకైకవస్తువు. ఛాయాచిత్రము సంగతి యట్టిది కాదు. నెగటివు చేత నున్నచో దానినుండి వేయి ప్రతులైనను తీయవచ్చును. అట్టి కాగితపు ప్రతి యొక్కటి లక్షల డాలరుల కమ్ముడు పోవు టెట్లు? అందును, దరిద్రుల దైన్యమును లోకమునకు చూపి న్యాయము వేడుటకై తీసిన పటములు ధనికుల గోడల కెక్కు టెట్లు? ఈ వృత్తాంతమును కొంచెము విచారింతము.

ఛాయాగ్రహణవిద్య 1839లో లోకమునకు వెల్లడియైనది. అటుపిమ్మట నూఱేండ్లకు పైగా వేలశాలలలో దానికి ప్రత్యేకస్థానము లేదు. అమెరికాలో కేవలము ఛాయాచిత్రములకై మొదటి వేలము జరిపినవారు న్యూయార్కులోని స్వాన్ గాలరీస్ వారు. అది 1952వ సంవత్సరము. లండనులో సోథెబీ వారు 1971 నుండి క్రమముగా నిట్టి యమ్మకములు సాగించిరి. ప్రతులు పెక్కు లుండుటచే వ్యాపారులు వానిలో తారతమ్యము నేర్పఱచిరి. నెగటివు తీసిన కొలది యేండ్లలోనే ఛాయాగ్రాహకుడు స్వయముగా గాని, తన కనుసన్నలలో గాని తీయించిన ప్రతి తొలినాటి ప్రతి. దాని వెల వేఱు. అదే నెగటివునుండి ముప్పదియేండ్లకు తీసిన ప్రతి వెల వేఱు. చేవ్రాలు, ముద్ర, ఎవరి చేతినుండి యెవరి చేతికి వచ్చినదను వృత్తాంతము, ఇవన్నియు వెలను పెంచును. కొనదలచినవాడు పటమును ముందువైపుకంటె వెనుకవైపుననే యెక్కువసేపు పరికించునేమో యని మాకు తోచును.

ఈ తారతమ్యమే మోసమునకును త్రోవ తీసినది. లూయీ హైను మావలెనే బడిపంతులు. 1908 మొదలు ఆయన జాతీయ బాలకార్మికసంఘము పక్షమున మిల్లులు, గనులు తిరిగి, అచ్చట కూలిచేయు పసివాండ్ర పటములు తీసెను. యజమానుల కంటబడకుండ పిల్లల పేరు, వయస్సు అడిగి వ్రాసికొనెడివాడు. తన కోటు గుండీలతో పోల్చి వారి పొడవును గుఱుతు పెట్టుకొనెడివాడట! బాలకార్మికచట్టములకై జరిగిన యుద్యమమున కా పటములు గొప్ప సాధనము లైనవి. అట్టి హైను ఇల్లు పోగొట్టుకొని, 1940లో బీదతనమున మరణించెను. ఆయన మరణానంతరము పటముల నీయజూపగా న్యూయార్కులోని ఆధునిక కళాప్రదర్శనశాలవారు వలదనిరి. కాలము మాఱి అవియే వేలకొలది డాలరులు పలుకజొచ్చెను. 1990ల చివర, తొలినాటివని యమ్మిన ప్రతులలో కొన్నింటిని అతినీలలోహిత దీపముక్రింద పెట్టి చూడగా కాగితము మెఱసినది. అట్లు మెఱపించు ద్రవ్యములను ఛాయాచిత్రముల కాగితములో కలుపుట 1950ల నుండియే వాడుకలోనికి వచ్చెను. చనిపోయినవాడు పదేండ్లకు పిమ్మట పుట్టిన కాగితముపై ముద్రించు టెట్లు?

ఇంతకంటె ప్రసిద్ధమైనది డొరోతియా లాంగు తీసిన 'వలసతల్లి' పటము. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో యొద్ద మంచుదెబ్బకు బఠానీపంట పాడై, కోత కూలీలు పస్తులుండిరి. ప్రభుత్వోద్యోగినియైన లాంగు ఆ త్రోవను పోవుచు, గుడారములో పిల్లలతో కూర్చున్న ముప్పదిరెండేండ్ల స్త్రీని చూచి పటములు తీసెను. పేరు మాత్ర మడుగలేదు. పత్రికలో పటము పడినంతట ప్రభుత్వము ఆ శిబిరమునకు ఇరువదివేల పౌనుల యాహారమును పంపినది. అప్పటి కా కుటుంబము వేఱొకచోటికి తరలిపోయి యుండెను.

ప్రభుత్వపు జీతముపై తీసిన పటము గనుక దానిపై నెవరికిని హక్కు లేదు. కాంగ్రెసు గ్రంథాలయమునుండి నేటికిని ఎవరైనను ప్రతిని పొందవచ్చును. ఆ స్త్రీ పేరు ఫ్లోరెన్సు ఓవెన్సు థాంప్సను అనియు, ఆమె చెరోకీ జాతిస్త్రీ యనియు 1978లో గాని లోకమునకు తెలియలేదు. ఆ పటమువలన తన కొక్క కాసైనను రాలేదని యామె వాపోయినది. 1983లో ఆమె మంచము పట్టగా వైద్యపు ఖర్చులకై పిల్లలు ప్రజలను యాచింపవలసివచ్చెను. ఆ యేడే మరణించినది. 1998లో అమెరికా తపాలాశాఖవారు ఆ పటముతో 32 సెంట్ల బిళ్లను వెలువరించిరి. ఆ సంవత్సరమే లాంగు చేవ్రాలును, స్వహస్తలిఖితములును గల ప్రతి యొకటి న్యూయార్కు వేలములో 2,44,500 డాలరులు పలికినది.

అట్లని కొనువారిని నిందింప మాకు మనసొప్పదు. 1960లలో సాన్ హోసే వర్తకసంఘమువారి చెత్తకుండీలో ఆమె పటములు ముప్పదిరెండు దొరకినవి. వానిలో వలసతల్లియు నొకటి. చెత్త యని పాఱవేసినవానిని ఒకడు ఇంటికి కొనిపోయి దాచెను. 2005లో అవి 2,96,000 డాలరులకు అమ్ముడు పోయినవి. ఆ కుండీలో చేయి పెట్టినవాడు లేనిచో అవి మట్టిలో కలిసియుండును. సేకర్తల యాశ యెట్టిదైనను, పటములను బ్రదికించుచున్నది. మా యాక్షేపణ మొక్కటే. వేలపట్టికలో కాగితపు వంశావళికి అఱపుట యుండగా, పటములోని మనుష్యుని గూర్చి యొక పంక్తియు లేకుండు టేల? పేరు వ్రాసికొనుట యసాధ్యము కాదని హైను చేసి చూపియే యున్నాడు గదా!

ఈ సంగతి మనకు దూరమైనది కాదు. 1876-78 సంవత్సరములలో మద్రాసు రాజధానిని మ్రింగిన ధాత కఱవును రాయలసీమలో నేటికిని తలచుకొందురు. ఆ కఱవున మద్రాసు సైన్యాధికారి విల్లోబీ వాలెస్ హూపరు ఆకటివారిని వరుసగా కూర్చుండబెట్టి తీసిన పటములు నేడు విదేశముల భాండాగారములలో నున్నవి. మేము చూచిన ప్రతులక్రింద హూపరు పేరున్నది, ఆయన సైన్యపదవి యున్నది. ఎముకల గూడులై చూచుచున్న యా మనుష్యులు కడపవారో, బళ్లారివారో, ఏ యూరినుండి నడచివచ్చినవారో వ్రాసినవారు లేరు.