సులోచనములు – వేషధారణ

కళ్ళజోడునకు సులోచనములని పేరు పెట్టినవా రెవరో గాని రసికులు. కంటిచూపు తగ్గినవానికి మంచి కన్నులను పేరుతోనే యిచ్చినారు. అయినను మన యిండ్లలో ఆ వస్తువును కొనునపుడు చర్చ కన్నులను గూర్చి కంటె దుస్తులను గూర్చియే యెక్కువగా జరుగును. “ఈ చట్రము నా పంచెకు నప్పునా? ఈ చీర మీద ఎబ్బెట్టుగా నుండదా?” అని అద్దము ముందు నిలిచి అడుగువారిని చూచి పెద్దలు నవ్వుదురు. మేము మాత్రము నవ్వజాలము. నప్పని జోడు పెట్టెలోనే యుండిపోవును. పెట్టెలోని జోడు ఏ కంటికిని చూపు నీయదు.

ఇటలీ దేశపు ఉత్తర భాగమున 13వ శతాబ్ది చివర కళ్ళజోడు పుట్టినది. మన దక్షిణాపథమున దాని జాడ విజయనగరమున కానవచ్చును. శ్రీకృష్ణదేవరాయలు గౌరవించిన వ్యాసతీర్థులు 1520 ప్రాంతమున కళ్ళజోడు సాయముతో గ్రంథము చదివినట్లు సోమనాథకవి సంస్కృతమున రచించిన ‘వ్యాసయోగిచరితము’ వలన తెలియుచున్నదని పి.కె. గోడే పండితుడు వెల్లడించెను. పోర్చుగీసువారి వలన అది యిచ్చటికి వచ్చి యుండునని ఊహ. ఆ కాలపు జోడునకు చెవుల మీదికి పోవు కాడలు లేవు. ముక్కుపై నిలుపుకొనవలయును, లేదా చేత పట్టుకొనవలయును. చదువు ముగియగనే తీసి ప్రక్కన నుంచుదురు. కావున కాషాయమునకు అది నప్పినదా యని ఎవరును అడిగి యుండరు. అది గంటము వంటి పనిముట్టే గాని వేషములో భాగము కాదు.

18వ శతాబ్ది మొదటి సగమున లండనులో గట్టి కాడలు అమర్చుట ఆరంభమైనది. నాటి నుండి జోడు రోజంతయు ముఖముపై నిలువ నేర్చినది. నిలిచిన పిదప తలపాగతోను, టోపితోను, చెవి నగలతోను దానికి తగవు వచ్చినది. హైదరాబాదు రాజ్యపు ఉద్యోగులు ధరించిన షేర్వాణి, రూమీ టోపీలతో చిక్కు లేదు. ఆ టోపి చెవులకు పైననే ఆగును. తలరుమాలు చుట్టు రైతు సంగతి వేరు. రుమాలు చెవుల మీదికి దిగును, కాడ దాని క్రింద నలుగును. చెవి చుట్టును కొక్కెమువలె వంగు సన్నని తీగకాడ అట్టివానికి మేలు. అదియు విరిగినపుడు దారము కట్టి చెవికి తగిలించుకొన్న తాతలను మన పల్లెలలో చూడనివా రెవరు?

ఒకే చట్రము వేర్వేరు దుస్తులతో వేర్వేరు మాటలు పలుకును. 1931లో గాంధీ మహాత్ముడు కొల్లాయి కట్టి, శాలువ కప్పి లండను రౌండు టేబులు సభకు వెళ్ళినపుడు ఆయన గుండ్రని జోడు నిరాడంబరతకు గుర్తయ్యెను. ఇంచుమించు అట్టి తీగజోడే 1948లో బ్రిటనున జాతీయ ఆరోగ్య సేవ మొదలైనపుడు ప్రజలకు ఉచితముగా ఇచ్చిన రకములలో నుండెను. ఉచితపు జోడని పలువురు సిగ్గుపడిరి. 1966 తరువాత జాన్ లెన్నన్ అను గాయకుడు రంగురంగుల దుస్తుల మీద దానిని ధరింపగనే యువకులు దానికై ఎగబడిరి. తీగ మారలేదు, బట్టలు మారినవి.

మనవారిలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిని తలచినంతనే తెల్లని తలపాగ, పొడుగు కోటు, కళ్ళజోడు కలిసియే కన్నుల ముందు నిలుచును. 1957లో మంథని నుండి శాసనసభకు ఎన్నికై, 1991–96 నడుమ ప్రధానిగా నుండిన పి.వి. నరసింహారావు గారి తెల్లని ధోవతి, కండువ, కళ్ళజోడు గూడ అట్టివే. నిత్యము ఒకే తీరు దుస్తులు కట్టువారికి చట్రము నెంచుట సులభము.

మందమర్రిలో అది సులభము కాదు. కాజీపేట–బల్లార్షా రైలుమార్గముపై నున్న ఈ సింగరేణి పట్టణము 2016 వరకు ఆదిలాబాదు జిల్లాలో నుండి, పిదప మంచిర్యాల జిల్లాలో చేరినది. ఇచ్చటి బొగ్గుబాయి కార్మికునకు వేషములు రెండు. బాయిలోనికి దిగునపుడు పని దుస్తులు, గట్టి టోపి, దానిపై దీపము, నడుమున బ్యాటరీ, కాళ్ళకు బూట్లు. షిఫ్టు దిగి స్నానము చేసిన పిదప లుంగియో తెల్లని అంగీయో, పండుగనాడు పంచెయో. జోడు మాత్రము చాలమందికి ఒక్కటే. ఇంటికడ ఎంత అందముగా నున్నను, వెడల్పైన కాడలు గల చట్రము భూగర్భమున టోపి పట్టీ క్రింద చెవిని నొక్కును, చెమటకు జారును, అద్దముపై ధూళి పేరుకొనును. (దెబ్బ నుండి కన్నును కాచు రక్షణ అద్దములు వేరు, వాని విషయమున గని అధికారుల మాటయే వినవలెను.) చీకటికిని కంటికిని గనులలో వైరము పాతది. 20వ శతాబ్ది తొలి దశకములలో బ్రిటిషు గనులలో మసక వెలుతురున పనిచేసిన పలువురికి కనుగ్రుడ్లు నిలుకడ లేక ఊగు వ్యాధి పట్టినది; దీపములు మెరుగైన పిదప తగ్గినది. ఒకే జోడు కొనగలవాడు పని దుస్తులకు తగినదే కొనుట మేలని మా అభిప్రాయము. రెండవది కొనగలిగిననాడు పెండ్లిపందిరిని తలచుకొనవచ్చును.

స్త్రీల సంగతి మరింత చిక్కైనది. మగవారి చట్రములనే చిన్నవిగా చేసి ఇచ్చినచో చాలునని వర్తకులు చిరకాలము తలచిరి. 1930 దశకమున న్యూయార్కులో ఆల్టినా షినాసీ అను కళాకారిణి వెనీసు నగరపు ముఖతొడుగులను చూచి, కొసలు పైకి లేచిన సోగ చట్రమును కల్పించెను. మన స్త్రీలకు చిక్కులు వేరు. బరువైన చట్రము ముక్కుపుడకకు తగులును. చెవి నుండి జడకు పోవు మాటీలలో కాడ చిక్కుపడును. నగలున్న ముఖమునకు సన్నని బంగారు వన్నె చట్రము, నేత చీరకు నల్లనిదైనను చెల్లును. రాజ్యాంగ సభ సభ్యురాలైన దుర్గాబాయి దేశముఖ్ గారి చిత్రములలో సాదా చీరయు కళ్ళజోడును ఎంతగా ఒదిగినవో చూడుడు. ఇట్లుండగా పెండ్లిచూపులనాడు పిల్లను జోడు తీసి కూర్చుండుమనుట ఏమి మర్యాద? వచ్చినవారిని ఆమె చూడవలదా?

1996 నుండి 2000 వరకు ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వారు నాటి ఆంధ్రప్రదేశమున నాలుగు ప్రాంతములలో పదివేల మందికి పైగా పరీక్షించిరి. వానిలో ఆదిలాబాదు జిల్లా ప్రాంత మొకటి. జోడు వాడి మానినవారిలో చాలమంది అది సౌఖ్యముగా లేదనియో, అద్దము సరిపోలేదనియో చెప్పిరి. 2018 ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వము కంటివెలుగు పథకమును ఆరంభించి, ఊరూర కన్నులు పరీక్షించి జోళ్ళు ఉచితముగా ఇచ్చినది. ఇచ్చిన జోడు ముఖముపై నిలుచుట మాత్రము ధరించువాని చేతిలోనిదే.

కావున మందమర్రి బజారునకైనను మంచిర్యాలకైనను జోడు కొనబోవునపుడు పండుగ బట్టలు కట్టుకొని పోవలదు. నిత్యము కట్టునవే కట్టుకొని పొండు. రుమాలు చుట్టువారు రుమాలుతోను, నగలు పెట్టువారు నగలతోను పెట్టి చూచుకొనుడు. పిదప అంగడిలోనే ఒకమారు వంగి కాలి చెప్పు సరిచేసికొనుడు. జోడు జారినచో మరియొకటి అడుగుడు.