ఊరికి డ్రైనేజీ వచ్చిన కథ (భాగం 9)



"డ్రైనేజీకి కూడా చరిత్ర ఉంటుందా అన్నా?" అని పోయిన భాగం చదివిన ఒక తమ్ముడు అడిగాడు. ఉంటుంది తమ్ముడూ. ఏ వీధికి ముందు వేశారు, ఏ వీధిని వదిలేశారు, పూడుకుపోతే ఎవరిని దింపారు, ఈ మూడూ అడిగి చూడు. ఊరి కులం మొత్తం బయటపడుతుంది.

హైదరాబాద్‌లో ఈ కథ 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరదతో మొదలవుతుంది. వేలమంది కొట్టుకుపోయాక నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన వరదను ఆపే జలాశయాలతో పాటు నగరానికి భూగర్భ మురుగు కాల్వల పథకం కూడా తయారుచేశాడు. గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ ఇంజనీరు పేరు పాఠ్యపుస్తకాల్లో ఉంది. అదే నగరంలో పాకీదొడ్లు ఎత్తి తట్టలు మోసిన మెహతర్ల పేర్లు ఎక్కడున్నాయి? గొట్టం పోయిన వీధిలో తట్ట పోయింది. గొట్టం రాని వీధిలో తట్ట కొనసాగింది.

నానక్‌రామ్‌గూడ లాంటి ఊళ్లకు గొట్టమూ లేదు, తట్టా లేదు. గండిపేట నీళ్లు ఈ చుట్టుపక్కల ఊళ్ల మీదుగానే పట్నం పోయేవి. ఇక్కడి జనం మాత్రం చెంబు పట్టుకుని గుట్టల చాటుకు పోయేవాళ్లు. ఆడవాళ్లు చీకటి పడేదాకా బిగపట్టుకునేవాళ్లు. 1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ మొదలయ్యాక ఆ గుట్టలు ప్లాట్లయ్యాయి. చాటు పోయింది, మరుగుదొడ్డి ఇంకా రాలేదు. ఆ మధ్యకాలాన్ని మా చిన్నమ్మ తరం ఎట్లా గడిపిందో ఏ ఐటీ చరిత్రలోనూ రాయరు. 2007 ఏప్రిల్‌లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీ జీహెచ్‌ఎంసీలో కలిసింది. కాగితం మీద ఊరు పట్నమైంది.

చిన్నమ్మ వాళ్లు పాత ఇల్లు తీసేసి రెండు గదుల స్లాబ్ వేసుకున్నారు. కనెక్షన్ పని నేనే దగ్గరుండి చూశాను. దరఖాస్తు, ఇంటి కాగితాలు, డబ్బు కట్టడం, గడప బయట చిన్న ఛాంబర్, అక్కడినుంచి వాలు చూసి వీధి మ్యాన్‌హోల్ దాకా పైపు. ఇకమీదట నీళ్ల బిల్లులో 35 శాతం సీవరేజీ సెస్సు. ఇంటి వైశాల్యం అడిగారు, నీళ్ల కనెక్షన్ నంబర్ అడిగారు. జామ్ అయితే లోపలికి ఎవరు దిగాలన్న గడి మాత్రం ఏ ఫారంలోనూ ఉండదు. ఆ గడిని మన దేశంలో కులం ఎప్పుడో నింపేసింది.

మురుగు వాలు మీద తనంతట తానే పారాలి. వంటనూనె గడ్డకడుతుంది, ప్యాడ్లు, సిమెంటు, ప్లాస్టిక్ అడ్డుపడతాయి. నిలిచిన మురుగులో హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కొంచెం ఉంటే కుళ్లిన గుడ్డు వాసన. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. "వాసన రావట్లేదు, దిగు" అనే మేస్త్రీ మాట అందుకే ప్రాణం తీస్తుంది.

ఇక్కడికి కూతవేటు దూరంలో, 2016 ఆగస్టులో, మాదాపూర్ అయ్యప్ప సొసైటీ మ్యాన్‌హోల్‌లో నలుగురు పోయారు. వాళ్లలో ఒకరు కాపాడబోయిన మనిషి. సఫాయి కర్మచారీ ఆందోళన్ నేత బెజవాడ విల్సన్‌కు మెగసెసే అవార్డు ప్రకటించి అప్పటికి నెల కూడా తిరగలేదు. 2021 నవంబర్‌లో కొండాపూర్ అపార్ట్‌మెంట్ సెప్టిక్ ట్యాంకులో ఇద్దరు పోయారు. కాబట్టి గొట్టం వద్దు, ట్యాంకే మేలు అనేవాళ్ల మాట నమ్మకండి. కనెక్షన్ మన హక్కు, కొట్లాడి తీసుకోవాల్సిందే.

చట్టం సంగతి చూడండి. 1993 చట్టం పాకీదొడ్ల దగ్గరే ఆగింది. మ్యాన్‌హోల్‌లో చచ్చేవాళ్లు దానికి కనబడలేదు. 2013 చట్టం మురుగు కాల్వల్ని, సెప్టిక్ ట్యాంకుల్ని చేర్చింది, రెండేళ్ల దాకా జైలు అంది. కానీ "ప్రమాదకర శుభ్రత" అంటే రక్షణ పరికరాలు ఇవ్వకుండా చేయించడం అని నిర్వచించింది. అంటే మాస్కూ బూట్లూ ఇస్తే మనిషిని దింపొచ్చన్నమాట! సుప్రీంకోర్టు 2014లో చావుకు 10 లక్షల పరిహారం అంది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. ధర పెరిగింది. 2023 బడ్జెట్‌లో మ్యాన్‌హోల్ పేరు మెషీన్‌హోల్ అయింది.

మెషీన్లు రాలేదని కాదు. 2017లో జలమండలి డిక్కీతో కలిసి 70 మినీ జెట్టింగ్ యంత్రాలు తెచ్చింది. సన్న గల్లీల్లోకీ పోతాయి, మంచి పని. వాటి యజమానులుగా మళ్లీ మనవాళ్లనే పెట్టారు. గోతిలోంచి బండి సీటు మీదికి రావడం చిన్న విషయం కాదు, దాన్ని నేను ఎగతాళి చేయను. అయినా అడుగుతాను: గచ్చిబౌలిలో ఏ అగ్రకుల యువకుడైనా ఆ బండి కోసం దరఖాస్తు పెట్టాడా?

2023 జులైలో పక్కనే కోకాపేటలో రోజుకు కోటిన్నర లీటర్ల మురుగు శుద్ధి చేసే ప్లాంటు మొదలైంది. నగరానికి మంజూరైన 31 ప్లాంట్లలో అది ఒకటి, మొత్తం ఖర్చు 3,866 కోట్లు. యూనివర్సిటీ మిత్రులు ఒక పని చేయండి. మీ వార్డుకు ఎన్ని యంత్రాలున్నాయి, రాత్రిపూట జామ్ అయితే ఎవరిని పిలుస్తారు, ఆ మనిషి పర్మినెంటా, కాంట్రాక్టా అని సమాచార హక్కు కింద అడగండి. జవాబులు నాకు పంపండి.

వచ్చే భాగంలో కోలార్ బంగారు గనులకు పోదాం. విల్సన్ పుట్టింది అక్కడే. తెలుగు నేల నుంచి పోయిన మనవాళ్ల చేతికి ఆ గనుల కాలనీల్లో బంగారం రాలేదు, తట్టే వచ్చింది.