కొలుంబా దాసుడు: మాల్కమ్ అనే పేరు వెనుక సంఘ చరిత్ర

ఒక పేరును విడదీసి అర్థము చూసినప్పుడు కొన్నిసార్లు ఒక సంఘ చరిత్రే బయటపడుతుంది. స్కాట్లండులోని గేలిక్ భాషలో స్థిరపడి, ఆ తర్వాత ఇంగ్లీషు మాట్లాడే దేశాలకు వ్యాపించిన మాల్కమ్ అనే పేరు అలాంటిది. దాని ప్రాచీన రూపము "మాయిల్ కొలుమ్". "మాయిల్" అంటే బోడితల, అనగా సన్యాసివలె క్షౌరము చేయించుకొన్నవాడు. దానినుండి భక్తుడు, దాసుడు అనే అర్థాలు వచ్చాయి. "కొలుమ్" అనగా కొలుంబా అనే దైవజనుడు. పేరు మొత్తానికి కొలుంబా దాసుడని అర్థము. తెలుగు క్రైస్తవులకు దీనికి పెద్ద వివరణ అక్కరలేదు. యేసుదాసు, క్రీస్తుదాసు, మరియదాసు మన మధ్యనే ఉన్నారు. గేలిక్ ప్రజలలో కూడ మాయిల్ ఈసు (యేసు దాసుడు), మాయిల్ ముయిరె (మరియ దాసుడు) అనే పేర్లు ఉండేవి.

కొలుంబా 521 ప్రాంతములో ఐర్లండులో జన్మించాడు. 563లో పన్నెండుమంది సహచరులతో సముద్రము దాటి, స్కాట్లండు పడమటి తీరమున ఉన్న ఒక చిన్న ద్వీపములో మఠము స్థాపించాడు. 597లో అక్కడే మరణించాడు. సుమారు నూరేండ్ల తర్వాత అదే మఠమునకు పెద్దగా ఉన్న అదోమ్నాన్ ఆయన జీవితచరిత్రను లతీనులో వ్రాశాడు. ఆ గ్రంథపు ముందుమాటలో, లతీనులో కొలుంబా అంటే పావురమనీ, హెబ్రీ భాషలో యోనా అన్నా అదే అర్థమనీ అతడు గుర్తుచేస్తాడు. విచిత్రమేమిటంటే, ఆ ద్వీపానికి నేడున్న "అయోనా" అనే పేరు యోనా నుండి రాలేదు. "యౌవా" అనే పాత విశేషణ రూపములోని ఒక అక్షరాన్ని తరువాతి లేఖకులు తప్పుగా చదివినందున అది ఏర్పడింది. అక్షర దోషము కూడ అర్థవంతముగా కుదరడం చరిత్రలో అరుదు.

ఇక బోడితల సంగతి. నాజీరు వ్రతము ముగిసినప్పుడు తల గొరిగించుకొనే విధి సంఖ్యాకాండము 6లో ఉంది. పౌలు కెంక్రేయలో మ్రొక్కుబడి కారణముగా వెండ్రుకలు కత్తిరించుకొన్న సంగతి అపొస్తలుల కార్యములు 18:18లో చూస్తాము. అయితే ఐర్లండు సన్యాసుల క్షౌరము రోమీయుల పద్ధతికి భిన్నముగా ఉండేది. దీనిపైనా, అంతకు మించి ఈస్టరు తేదీని లెక్కించే విధానముపైనా వివాదము రేగింది. 664లో ఉత్తర ఇంగ్లండులోని విట్బీలో సభ జరిగినప్పుడు, బిషప్ కొల్మాన్ తన పక్షమున కొలుంబా ఆచారమును చూపించాడు. విల్ఫ్రిడ్ దానికి ఎదురుగా పేతురును నిలబెట్టాడు. రాజు ఓస్వీ, పరలోకపు తాళపుచెవులు ఉన్నవాని పక్షమే మేలని తీర్పు చెప్పాడు. అయోనా మఠము రోమా ఈస్టరును 716లోను, రోమా క్షౌరమును 718లోను అంగీకరించింది.

ఈ ఘట్టాన్ని చదివే పాఠకునికి 1 కొరింథీయులకు 1:12 తప్పక మనస్సుకు వస్తుంది. నేను కేఫావాడనని ఒకడు, నేను కొలుంబావాడనని మరొకడు! అట్లయితే "కొలుంబా దాసుడు" అనే పేరు పౌలు ఖండించిన విభేదమునకు గుర్తేనా? మేము అలా భావించడం లేదు. పేరు పెట్టిన తల్లిదండ్రులు పక్షము కట్టడానికి కాక, బిడ్డను ఒక పరిశుద్ధుని ప్రార్థనల నీడలో ఉంచడానికే పెట్టి ఉంటారని మా అభిప్రాయము. అయినా దాసుడు ఎవరికి దాసుడనే ప్రశ్న మాత్రము తేలికైనది కాదు. క్షౌరమునకు అసలు అర్థము అప్పటికే మరుగునపడింది కూడ. 913లో మరణించిన ఒక రాజకుమార్తె పేరు మాయిల్ ముయిరె. స్కాట్లండు రాజు కెన్నెత్ మకాల్పిన్ కుమార్తె ఆమె; బోడితల ఊసే లేదు.

స్కాట్లండును ఈ పేరుగల నలుగురు రాజులు పాలించారు: మొదటివాడు 943 నుండి 954 వరకు, రెండవవాడు 1005 నుండి 1034 వరకు, మూడవవాడు 1058 నుండి 1093 వరకు, నాలుగవవాడు 1153 నుండి 1165 వరకు. షేక్స్పియరు "మెక్బెత్" నాటకములోని యువరాజు ఈ మూడవ మాల్కమే. మనము గమనించవలసినది ఆయన ఇంటిలోపలి విషయము. ఆయన 1070 ప్రాంతములో ఇంగ్లండు రాజవంశీయురాలైన మార్గరెట్‌ను వివాహమాడాడు. ఆమెను 1250లో రోమా సంఘము పరిశుద్ధురాలిగా ప్రకటించింది. వారి కుమారులు ఎడ్వర్డ్, ఎడ్మండ్, ఎథెల్రెడ్, ఎడ్గార్, అలెగ్జాండర్, డేవిడ్. ఒక్కడికైనా గేలిక్ పేరు లేదు. మొదటి నలుగురివి తల్లి వంశపువే. నాలుగవ మాల్కమ్ డేవిడ్ మనుమడు. అతని తర్వాత ఈ పేరుతో రాజు లేడు. దొరల ఇండ్లలో భాష మారక ముందే పేర్లు మారతాయి. ఇది మిషనరీ చరిత్ర చదివేవారికి కొత్త సంగతి కాదు.

సింహాసనము విడిచినా పేరు జీవించింది. అది ఇంటిపేరు కూడ అయింది: 1798లో హైదరాబాదు రెసిడెన్సీలో సహాయకుడుగా పనిచేసి, 1827లో బొంబాయి గవర్నరైన జాన్ మాల్కమ్ స్కాట్లండువాడే. ఆస్ట్రేలియాకు మాల్కమ్ ఫ్రేజర్ (1975-1983), మాల్కమ్ టర్న్‌బుల్ (2015-2018) ప్రధానులయ్యారు. వెస్టిండీస్ బౌలర్ మాల్కమ్ మార్షల్‌ను క్రికెట్ అభిమానులు మరువరు. నేడు గేలిక్ మాట్లాడేవారు మాల్కమ్‌కు బదులు వాడేది "కాలమ్". ఇది నేరుగా కొలుంబా నుండి వచ్చిన పేరు. అందులో "దాసుడు" అనే భాగము లేదు.

అమెరికాలో ఈ పేరు మరో దారి పట్టింది. 1925లో నెబ్రాస్కాలో ఒక బాప్టిస్టు బోధకునికి పుట్టిన మాల్కమ్ లిటిల్, 1950ల ఆరంభములో తన ఇంటిపేరును తీసివేసి "ఎక్స్" పెట్టుకొన్నాడు. లిటిల్ అనేది తన పూర్వికులకు బానిస యజమానులు తగిలించిన పేరని ఆయన వాదన. దాసుడనే అర్థమున్న మొదటి పేరును మాత్రము ఉంచుకొన్నాడు.